టెలిఫోన్ కార్డుల తోరణం

ఈ చలికాలం మొదట్లో ఒక శుక్రవారం నాడు, బహ్రెయిన్ దేశంలోని జింజ్‌లో మా మేనకోడలు కాపురముండే ఫ్లాటులో, హాలు మధ్యన చాప పరుచుకుని నా ఇనుప పెట్టె సర్దుకుంటూ కూర్చున్నాను. ఇక్కడి ఓడరేవు మీనా సల్మాన్‌లో ఒక గోదాములో స్టోరు చూసుకునే నా కొలువు ఇంకొన్నాళ్ళలో ముగుస్తుంది. ఆ తర్వాత ఇంటికి పోవడమే గానీ మళ్ళీ బహ్రెయిన్ రావడమంటూ లేదు కాబట్టి, ఏది వెంట తీసుకుపోవాలో, ఏది ఇక్కడే ఎవరికైనా ఇచ్చేయాలో వేరు చేసుకోవడం మొదలుపెట్టాను. బతుకంతా ఇతరుల సామాను అరల్లో సర్ది చీటీలు అంటించినవాణ్ణి, నా సొంత సామాను దగ్గరికి వచ్చేసరికి ఏదీ పారేయబుద్ధి కాదు. తాళాలు ఏనాడో పోయి మిగిలిపోయిన తాళంచెవులు, పట్టీ తెగిన గడియారం, ఒక చెవి విరిగిన టీ కప్పు, అన్నిటినీ ఒకటొకటిగా బయటికి తీసి, తుడిచి, మళ్ళీ పెట్టెలోనే పెడుతుంటే మా మేనకోడలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతూ కూర్చుంది.

పెట్టె అడుగున పాత తువ్వాలలో చుట్టిన మూట ఒకటి ఉంది. అది విప్పగానే గలగలమంటూ టెలిఫోన్ కార్డుల తోరణం ఒళ్ళో పడింది. మా అల్లుడు, అంటే మేనకోడలి భర్త, అప్పటిదాకా కంప్యూటర్లో తలదూర్చి ఉన్నవాడు, ఆ చప్పుడుకు తలెత్తి చూసి లేచి వచ్చాడు. తోరణాన్ని రెండు చేతులతో ఎత్తి పట్టుకుని, ఒక్కొక్క కార్డునూ తిప్పి చూసి, "మామా, ఇవి కొనేటోళ్ళున్నరు తెలుసా నీకు?" అన్నాడు. తపాలా బిళ్ళలు దాచుకున్నట్టే వీటిని దాచుకునేవాళ్ళు లోకమంతా ఉన్నారట. అమెరికాలోనైతే బంతాట ఆడేవాళ్ళ బొమ్మలున్న పాత అట్టముక్కలను చిన్నప్పటి నుంచి దాచుకుని, ముసలితనంలో వాటి ధర కనుక్కుని, ఇల్లు కొనేంత సొమ్ముకు అమ్ముకున్నవాళ్ళున్నారట. మన కార్డులకు అంత రాకపోయినా, పాతవాటికి, తక్కువ అచ్చు వేసినవాటికి మంచి ధరే పలుకుతుందన్నాడు. తువ్వాల మూటలో అంత సంగతి ఉందని తెలిసి నేను కాస్త గర్వంగానే కూర్చున్నాను.

నా ఈడువాళ్ళకు ఆ కార్డుల గురించి చెప్పనక్కర్లేదు. ఇప్పటి పిల్లలకు మాత్రం ఎన్నిసార్లు చెప్పినా అదేదో కథ అనుకుంటారు. కరెంటు స్తంభాల పక్కన, దుకాణాల ముందర, గాజు తలుపుల డబ్బాల్లో టెలిఫోన్లు ఉండేవి. కార్డు కొనుక్కుని దాని నోట్లో పెడితే లోపల ఎన్ని యూనిట్లు ఉన్నాయో చిన్న కిటికీలో అంకె కనిపించేది. ఇండియాకు కలిసిన క్షణం నుంచి ఆ అంకె గబగబా తరిగిపోయేది. మనిషి గొంతు వింటున్న ఆనందం ఒక పక్కన, కళ్ళముందు తరిగే ఆ అంకె ఇంకో పక్కన. నాకు తెలిసినవాడొకడు ఆ కిటికీ మీద అరచెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడేవాడు. చూడకపోతే తరగదని కాదు, చూస్తే మాట రాదని.

మా ఊళ్ళో అప్పట్లో ఫోను ఉన్నది కిరాణా దుకాణంలో ఒక్కటే. మా గోదాము బయట, లారీలు తిరిగే మూల మలుపులో ఒక టెలిఫోన్ డబ్బా ఉండేది. నువైద్రాత్‌లోని మా లేబర్ క్యాంపు దగ్గర కూడా ఒకటి ఉండేది గానీ అక్కడ వరస రేషన్ దుకాణంలాగా ఉండేది, అందుకని డ్యూటీ దిగాక, క్యాంపు బస్సు వచ్చేలోగా, ఈ మూల డబ్బాలోనే మేమందరం పని కానిచ్చేవాళ్ళం. మొదటిసారి ఫోను చేసి, ఫలానా ఇంటామెను పిలవమని దుకాణదారుకు ఒక్క ముక్క చెప్పి టక్కున పెట్టేసేవాళ్ళం. ఆమె వచ్చేదాకా ఫోను పట్టుకుని కూర్చుంటే కార్డు అక్కడే ఖలాస్. మళ్ళీ కాసేపాగి చేసేసరికి మా ఆవిడ బీడీల చాట పక్కన పెట్టి, తునికాకు కత్తిరించే కత్తెర చేతిలో మరచిపోయి, అట్లాగే వీధుల్లోంచి ఉరుకుతూ వచ్చి ఉండేది. నా కార్డులో సగం ఆమె ఆయాసానికే పోయేది. మిగిలిన సగంలో ఆమె బాగున్నావా అంటే నేను బాగున్నాననీ, నువ్వు బాగున్నావా అని నేనంటే ఆమె బాగున్నాననీ చెప్పుకుని, ఎరువులూ, మందులూ, పిల్లల ఫీజులూ మాట్లాడుకునేసరికి కుయ్‌మని కూసి కార్డు బయటికి వచ్చేసేది. వెనక వరసలో ఉన్నవాడు తొందరగా కానిమ్మని "యల్లా భాయ్, యల్లా" అంటూ గాజు మీద వేలితో కొట్టడం నాకు ఇప్పటికీ వినబడుతుంది.

అయిపోయిన కార్డును అందరూ డబ్బా కిందనే పారేసిపోయేవాళ్ళు. దాన్ని దాచుకోవాలన్న బుద్ధి పుట్టించింది మా బావ. మా పెద్దక్క భర్త, ఈ మేనకోడలి తండ్రి. నాకంటే చాలా ముందే బహ్రెయిన్ వచ్చి, నన్ను పిలిపించినవాడు. మా గదికి ఆయనే పెద్దదిక్కు. నేను వచ్చిన మొదటి ఏడు దసరా పండుగకు మేం పప్పు, పులిహోర, పాయసం వండుకుని, దేవుడి పటానికి బొట్టు పెట్టి కూర్చున్నాక, బావ గది గుమ్మం వంక చూసి మొహం ముడుచుకున్నాడు. మామిడాకులు అక్కడెక్కడ దొరుకుతాయి? మనామా బజారులో దొరికినా డ్యూటీ మానుకుని ఎవడు పోతాడు? ఆయన కాసేపు ఆలోచించి, తన మంచం కింద నుంచి వాడేసిన కార్డులు గుప్పెడు బయటికి తీశాడు. "దర్వాజకు తోరణం లేకుంట పండుగ చేసుకుంటమా బామ్మర్దీ? ఆకులు లేకుంటే ఏంది, ఇవున్నయి గద!" అంటూ, ఫిట్టింగు పని చేసే ఇంకొకాయన దగ్గర డ్రిల్లు మిషను తీసుకుని ఒక్కొక్క కార్డు నెత్తిన సరిగ్గా మధ్యన బొక్క వేశాడు. ఇనుప కడ్డీలు కట్టే సన్నతీగను దూర్చి గుమ్మానికి వేలాడగట్టాం. ఫ్యాను గాలికి అవి ఒకదాన్నొకటి తాకి చప్పుడు చేస్తుంటే, ఆ రోజు మా గది ఇల్లులాగే అనిపించింది.

ఆ తర్వాత అదొక ఆచారమైపోయింది. మంచి కబురు విన్న కార్డు మాత్రమే తోరణంలోకి ఎక్కాలని బావ నియమం పెట్టాడు. మామూలు కబుర్ల కార్డులు ఎక్కడివక్కడే పారేసేవాళ్ళం. ఎవరికైనా కొడుకు పుట్టినా, కూతురు పుట్టినా, పొలంలో బోరు పడినా, చెల్లెలి పెళ్ళి కుదిరినా, ఆ కార్డును జేబులో పెట్టుకుని బస్సులోనే అందరికీ చూపిస్తూ గదికి వచ్చేవాళ్ళు. బస్సు దిగినవాడి మొహం చూసి, కార్డుకు బొక్క వెయ్యాలా వద్దా అన్నది బావకు తెలిసిపోయేది. మా పెద్దమ్మాయి పుట్టిందన్న మాట నేను విన్నది డేగ బొమ్మ ఉన్న కార్డు మీద. మా చిన్నమ్మాయిది తెల్ల జింక. బావ ఇంట్లో ఇదే మేనకోడలు పదో తరగతి గట్టెక్కిందన్నది పాత కోట బొమ్మ. ఖర్జూర చెట్టు ఉన్నది ఒకాయన తమ్ముడు మంచాన పడి లేచి నడిచాడన్న కబురుది. ఆ తమ్ముణ్ణి మేమెవరమూ చూడలేదు గానీ, ఆ సాయంత్రం గదిలో అందరమూ అతని నడకను తలుచుకుని సంతోషపడ్డాం.

చెడ్డ కబురు విన్న కార్డును మాత్రం అక్కడికక్కడే రెండు ముక్కలు చేసి పారేసి రావాలి, గదిలోకి తేకూడదు. మా బాపు పోయాడన్న సంగతి నేను విన్న కార్డు మీద తెల్లగుర్రం బొమ్మ ఉండేది. దాన్ని విరిచి పారేసిందీ, ఆనాడు వరసలో నా వెనకే ఉన్న బావే. ఆ రాత్రి ఆయన నా పక్క మంచం మీద కూర్చుని, మా బాపు ఆయనకు పిల్లనిచ్చేటప్పుడు ఎన్ని షరతులు పెట్టాడో చెప్పి చెప్పి నన్ను నవ్వించి ఏడిపించాడు. దుఃఖం కూడా మనుషుల మధ్యన కూర్చుని పడితే కాస్త తేలికవుతుందని నేను నేర్చుకున్నది ఆ గదిలోనే.

క్రమంగా సెల్‌ఫోన్లు వచ్చాయి, డబ్బాలు మూతపడ్డాయి, తోరణం పెరగడం ఆగిపోయింది. బావకు మోకాళ్ళ నొప్పులు ఎక్కువై ఇంటికి వెళ్ళిపోయేటప్పుడు దాన్ని నా పెట్టెలో పెట్టి, జాగ్రత్త అన్నాడు. నేను సరుకు జాగ్రత్త చేయడమే వృత్తి అయినవాణ్ణి కదా, ఏడాదికోసారి తీసి, తడిగుడ్డతో తుడిచి, ఆరబెట్టి, మళ్ళీ చుట్టిపెడుతూ వచ్చాను. గీత పడనివ్వలేదు, వంగనివ్వలేదు.

మా అల్లుడు ధర మాట ఎత్తగానే నాకు ఎందుకంత ఆశ పుట్టిందో చెప్పాలి. నా వయసు వాళ్ళలో గల్ఫ్‌లో పనిచేసిన చాలామంది మగవాళ్ళ మనసులో ఉండే కోరికే అది. ఇన్నేళ్ళు నేను తిని, పడుకుని, చెమటోడ్చిన ఊరిని నా భార్య ఒక్కసారైనా చూడాలి. మా వీసాల మీద భార్యలు వచ్చే వీలు మొదట్లో లేదు. వీలు కుదిరేసరికి పిల్లలు, మా అమ్మ మంచాన పడటం, బీడీల పని. రెండేళ్ళకోసారి నేనే పోయి రావడం తప్ప ఆమె ఊరి పొలిమేర దాటింది లేదు. నేను దుబాయిలో ఉన్నానని ఊరంతా అనుకున్నట్టే ఆమె కూడా అనేది. ఇది దుబాయి కాదు, బహ్రెయిన్ వేరే దేశమని ఎన్నిసార్లు చెప్పినా, "ఏదైతేంది, నువ్వైతే ఇంట్ల లేవు గద" అని ఒక్క మాటతో తీసిపారేసేది. నేను వెళ్ళిపోయాక ఆమెకు ఇక్కడ చూడటానికి ఏముంటుంది? నేను ఉండగానే రావాలి, అంటే ఈ చలికాలమే.

విజిటు వీసా పని అల్లుడు చూస్తానన్నాడు. టికెట్టు కూడా తానే తీస్తానని మేనకోడలు మొండికేసింది. దానికి మాత్రం నా మనసు ఒప్పలేదు. మేనమామ అన్నవాడు మేనకోడలికి చీర పెట్టాలి గానీ, ఆమె చేతి టికెట్టుతో పెళ్ళాన్ని విమానం ఎక్కించుకుంటాడా? కొలువు ముగిసినందుకు నాకు రావలసిందంతా ఇంటి పైకప్పుకూ, చిన్నమ్మాయి చదువుకూ ముందే ఒప్పజెప్పి ఉన్నాను. అటువంటి సమయంలో ఈ కార్డులు ఒళ్ళో పడ్డాయి. మంచి కబుర్లన్నీ కలిసి మా ఆవిడను ఇక్కడికి తీసుకువస్తాయన్న ఊహ నాకు ఎంత నచ్చిందంటే, ఆ రాత్రి అన్నం కూడా రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను.

అల్లుడు కంప్యూటర్లో వెతికి, కార్డు కార్డుకూ బొమ్మను పోల్చి చూస్తూ చదువుతుంటే, నేనూ మేనకోడలూ చెరో పక్కన కూర్చుని విన్నాం. ధర కనుక్కోవడం కూడా ఒక విద్యేనని అప్పుడు తెలిసింది. ఏ ఏడు అచ్చువేశారో చూడాలి, ఎన్ని వేశారో చూడాలి, అంచులు నలిగాయా, గీతలు పడ్డాయా, ఎండకు రంగు వెలిసిందా అని చూడాలి. అసలు వాడని కార్డుకు, పైన కాగితం చింపనిదానికి అన్నిటికంటే ఎక్కువ ధరట. ఎవరితోనూ మాట్లాడకుండా ఉండిపోయిన కార్డుకు విలువ ఎక్కువేమిటని నాకు నవ్వొచ్చింది గానీ, బేరం చెడగొట్టుకోవడం ఎందుకని ఊరుకున్నాను. మా డేగకూ, జింకకూ మంచి ధరలు కనిపించాయి. తెల్లగుర్రం బొమ్మ కార్డు అన్నిటికంటే పైన ఉంది. దాన్ని తెర మీద చూసినప్పుడు మా బాపు గుర్తొచ్చాడు, కానీ దాన్ని విరిచి పారేసినందుకు ఇప్పటికీ నాకు చింత లేదు.

మరుసటి శుక్రవారం మనామా పాత బజారులో తపాలా బిళ్ళలు, పాత నాణేలు అమ్మే ఒక బహ్రెయినీ పెద్దాయన దుకాణానికి ఇద్దరమూ పోయాం. తెల్లటి గడ్డం, మెడకు వేలాడే భూతద్దం, చిన్నప్పటి నుంచి బొంబాయి వ్యాపారులతో మెలిగి నేర్చిన చక్కటి హిందీ. తువ్వాల విప్పి తోరణం బల్ల మీద పరవగానే ఆయన కళ్ళు మెరిశాయి. ఒక్కొక్క కార్డునూ వెలుతురుకు పెట్టి చూశాడు, అంచులు తడిమాడు, ఎంత బాగా దాచావు భాయ్ అని మెచ్చుకున్నాడు. తీగ నుంచి ఒక కార్డు తీసి ఆగాడు. భూతద్దం కళ్ళకు పెట్టుకున్నాడు. ఇంకొకటి చూశాడు, ఇంకొకటి చూశాడు. అంతదాకా అవి ఊరికే తీగకు అంటించినవనుకున్నాడేమో పాపం. నెత్తి మధ్యన డ్రిల్లుతో వేసిన గుండ్రటి బొక్కలోంచి నా వంక చూసి, ఎంతో బాధగా, "యే కిస్నే కియా?", ఇది ఎవరి పని అని అడిగాడు.

గీతలు ఉండకూడదని రాశారు, వంగకూడదని రాశారు, రంగు వెలవకూడదని రాశారు. బొక్క వెయ్యకూడదని మాత్రం ఎక్కడా ఎవరూ రాయలేదు. అటువంటి పని చేసే మనుషులు కూడా ఉంటారని ఆ రాసినవాళ్ళకు తట్టి ఉండదు. బొక్క పడిన కార్డును సేకరించేవాడెవడూ ముట్టుకోడని, వీటికి ధర అంటూ లేదని పెద్దాయన మెల్లగా, నాకు నొప్పి తగలకుండా చెప్పి, లోపలి నుంచి ఏలకుల టీ తెప్పించాడు. బొక్కలు ఎందుకు వేశారో నేను మొత్తం చెప్పాను. ఆయన టీ గ్లాసు పట్టుకుని విన్నాడు. ఆ తర్వాత జింక ఏ కబురుది, కోట ఏ కబురుది అని పేరుపేరునా అడిగి తెలుసుకుని, దుకాణం గుమ్మం దాకా వచ్చి సాగనంపాడు.

బయటికి వచ్చాక నాకు నిజంగానే కోపం వచ్చింది. నా మీద కాదు, బావ మీద. కారులో కూర్చోగానే ఆయనకు ఫోను కలిపి, ఎవరయ్యా నిన్ను బొక్కలు పెట్టమన్నది అని నిలదీశాను. ఆయన సంగతంతా విని, మోకాళ్ళ నొప్పి కూడా మరచిపోయినట్టు పడీపడీ నవ్వాడు. "నేను బొక్క పెట్టకుంటే నువ్వు వాటిని ఆ డబ్బ కిందనే పారేసి బస్సు ఎక్కుతుంటివి గదరా బామ్మర్దీ! బొక్క పెడితెనే గద ఇన్నేండ్లు నీ పెట్టెల ఉన్నయి!" అన్నాడు. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. కారు నడుపుతున్న అల్లుడు కూడా నవ్వాపుకోలేక పక్కన ఆపేశాడు.

కానీ ఇంటికి వచ్చాక నవ్వు పోయి దిగులు పట్టుకుంది. మా ఆవిడకు కార్డుల ధర సంగతి ముందే ఊరించి చెప్పి ఉన్నాను, ఇప్పుడు ఏ మొహంతో చెప్పాలి? రెండు రోజులు మాట దాటేసి, మూడోనాడు వీడియోలో ఆమె ఎదురుగా కూర్చుని బీడీలు చుడుతుండగా, కార్డులకు ధర లేదట, నువ్వు రావడం కుదిరేట్టు లేదు అని చెప్పేశాను. ఆమె చేతులు ఆగలేదు. చుట్టిన బీడీకి దారం చుట్టి, గోటితో మూతి నొక్కి, చాటలో వేసి అప్పుడు తలెత్తింది. "నీ కార్డులు అమ్ముడుపోతెనే నేను రావాల్నా? నా పీఎఫ్ పైసలు లేవా?" అంది. బీడీ కంపెనీలో ఆమె పేరు మీద జమ అయ్యే పీఎఫ్ ఒకటి ఉందని నాకు తెలుసు గానీ, అది నా లెక్కలోకి ఎన్నడూ రాలేదు. మునివేళ్ళు నల్లబడేలా చుట్టిన సొమ్ము అది, కూతుళ్ళ పురుళ్ళకో, తన జబ్బుకో ఉంచుకుంటుందనుకున్నాను. వద్దన్నాను. "నువ్వు పోయింది నీ కష్టంతోని. నేనొచ్చేది నా కష్టంతోని. నువ్వు ఎయిర్‌పోర్టుకొచ్చి నిలబడు, చాలు" అని ఫోను పెట్టేసింది. మా పెళ్ళయినప్పటి నుంచి ఆమె నాకంటే ముందు ఫోను పెట్టేయడం అదే మొదటిసారి.

అట్లా వచ్చింది మా ఆవిడ. కొత్త చీరె కట్టుకుని, సకినాల డబ్బా గుండెలకు హత్తుకుని, విమానంలో ఇచ్చిన అన్నం పొట్లం పారేయబుద్ధి కాక చేతిసంచిలో పెట్టుకుని, బయటికి వచ్చేవాళ్ళ గుంపులో కనిపించేసరికి, ఎన్నోసార్లు ఆ గేటు దగ్గర ఒంటరిగా దిగినవాణ్ణి, గుంపును తోసుకుంటూ ఎదురుపోయాను. మేనకోడలు అత్తను పట్టుకుని ఏడ్చింది, అత్తేమో అందరూ ఇంత సన్నబడ్డారేమిటని కోప్పడింది. తోరణం చూపిస్తే చేతిలోకి తీసుకుని, ఏ కార్డు ఏ కబురుదో నేను చెబుతుంటే, ఆ రోజుల్లో దుకాణం దగ్గర తన పక్కన ఎవరెవరు నిలబడి విన్నారో ఆమె చెప్పింది. కథకు రెండో సగం అంతకాలమూ ఆమె దగ్గర ఉందన్నమాట. తోరణాన్ని తువ్వాలతో సహా తన సంచిలో వేసుకుంది, నేను అడ్డు చెప్పలేదు.

ఉన్నన్నాళ్ళూ ఆమెను పెద్ద మాళ్ళకు తిప్పాలని అల్లుడు చూశాడు. అవేవీ ఆమెకు పట్టలేదు. నువైద్రాత్‌లో క్యాంపు ఉన్న చోటు చూపించమంది. అక్కడిప్పుడు వేరే కట్టడం లేచింది, ప్రహరీ గోడ మాత్రం పాతదే. ఆ గోడను కాసేపు చూసింది. నా గోదాము చూసింది, అరల్లో సామాను ఎంత వరసగా ఉందో చూసి, ఇంట్లో మాత్రం తువ్వాల తీసినచోట పెట్టడం చేతకాదని సాటి పనివాళ్ళ ముందే నన్ను ఎత్తిపొడిచింది. మాకు వీసాలిచ్చిన యజమాని, అంటే మా కఫీల్ గారి కొడుకు ఆమెకు ఖర్జూరాల పెట్టె ఇచ్చి, సలాం చెప్పి పోయాడు. చివరికి, నువ్వు నాతో మాట్లాడిన చోటు ఏది, అని అడిగింది.

లారీలు తిరిగే మూల మలుపు దాకా నడిపించుకుపోయాను. టెలిఫోన్ డబ్బా ఎప్పుడో తీసేశారు, నేల మీద తుప్పుపట్టిన నాలుగు బోల్టులు మిగిలాయి. ఇక్కడ నిలబడేవాణ్ణి, ఇటు మొహం పెట్టి, అని చూపించాను. ఆమె వచ్చి సరిగ్గా ఆ బోల్టుల మధ్యన నిలబడింది, నేను చూపించిన వైపే మొహం తిప్పింది. కంచె అవతల, ఓడల మధ్య నుంచి, సాయంత్రపు ఎండలో సముద్రం. ఇక్కడికి వచ్చాక కారు అద్దంలోంచి చూసిందే తప్ప, మా ఆవిడ పుట్టి బుద్ధెరిగి ఇట్లా ఎదురుగా నిలబడి సముద్రం చూడలేదు. ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూసి, "ఇంత సముద్రం ముందట పెట్టుకోని మాట్లాడేటోనివా? ఒక్కనాడన్న చెప్పకపోతివి" అంది.

నేను నిజంగానే తెల్లబోయాను. అన్నేళ్ళు, అన్ని సాయంత్రాలు దాన్ని చూస్తూనే మాట్లాడాను. ఎరువుల సంగతి చెప్పాను, ఫీజుల సంగతి చెప్పాను, అమ్మకు ఏ పూట ఏ గోలీ వెయ్యాలో చెప్పాను. ఎదురుగా సముద్రం ఉందని మాత్రం చెప్పలేదు. యూనిట్లు పోతాయని, అన్నాను. ఆమె నవ్వి, కంచె పక్కన సిమెంటు దిమ్మె మీద కొంగు దులుపుకుని కూర్చుని, పక్కన నాకు చోటు చూపించింది. "ఇప్పుడైతే పోవు గద. చెప్పు" అంది. చీకటి పడేదాకా చెప్పాను. వేసవిలో ఆ నీళ్ళ రంగు ఎట్లా మారుతుందో, దుమ్ము లేచిన రోజు ఓడలు కనిపించక కూతలు మాత్రమే ఎట్లా వినిపిస్తాయో, మా చిన్నమ్మాయి పుట్టిందని విన్ననాడు నేను బస్సు తప్పించుకుని మరీ ఈ కంచె పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో.

ఆమె ఊరికి వెళ్ళిపోయి నెల కావస్తోంది. నాకూ ప్రయాణం దగ్గర పడింది. ఈ కాలపు పిల్లలు ఫోనులో కంచంలోని కూర కూడా చూపించుకుంటారు, గంటలకు గంటలు మాట్లాడుకుంటారు, అది చూసి మా తరంవాళ్ళం, మాటకు విలువ పోయిందని గొణుక్కుంటాం. నేనూ గొణిగినవాణ్ణే. అప్పుడు మాటకు ధర ఉండేది, నిజమే, ప్రతి మాటనూ తూచి వాడుకున్నాం. కానీ తూచినప్పుడల్లా అవసరమైనవే ముందుకు వచ్చి, ఇష్టమైనవి వెనక్కి పోయాయి. నేను ఇక్కడ చూసి సంతోషించినవాటిలో ఒక్కటీ ఆమె దాకా చేరలేదు, ఆమె అక్కడ ఒంటరిగా నవ్వుకున్నవేవీ నా దాకా రాలేదు. అందుకే ఇప్పుడు రోజూ సాయంత్రం ఆ దిమ్మె మీద కూర్చుని ఫోను చేస్తాను. ఆమె బీడీలు చుడుతూ ఊఁ కొడుతుంది. అవసరమైన సంగతి ఒక్కటీ ఉండదు. ఈ రోజు నీళ్ళు ఏ రంగులో ఉన్నాయని అడుగుతుంది, నేను చూసి చెబుతాను.